గోదావరి డెల్టాలో దొరికిన ఈస్ట్ కొత్త జాతేనా? తేల్చే పద్ధతి ఇదీ

పొద్దున్నే తాటిచెట్టు మీంచి దింపిన లొట్టిలోంచి ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద 400 రెట్లు పెద్దది చేసి చూస్తే గుండ్రటివి, కోలగా ఉండేవి వందల కణాలు కనబడతాయి. కొన్నిటి పక్కన చిన్న మొగ్గ మొలుస్తూ ఉంటుంది. కొన్ని నిమ్మకాయ ఆకారంలో రెండు కొసలా మొనదేలి ఉంటాయి, మొగ్గలు కూడా ఆ కొసల్లోనే వస్తాయి. అవి చాలావరకు హన్సేనియాస్పోరా అనే ఈస్ట్‌లు. మొగ్గ తొడగకుండా మధ్యలో అడ్డుగోడ కట్టుకుని రెండు ముక్కలయ్యేది దొరికితే స్కిజోశాకరోమైసిస్ కావచ్చు. వీటి సందుల్లో కనిపించే మరీ సన్నటి కడ్డీలు బ్యాక్టీరియా. కంటి పని ఇక్కడితో సరి. ఆ కోల కణాల్లో ఎన్ని జాతులున్నాయో, వాటిలో ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టనిది ఉందో లేదో ఎంత మంచి మైక్రోస్కోపుకైనా అందదు.

‘కొత్త ఈస్ట్‌ను కనుగొన్నారు’ అనే వార్త చదివితే, ఎవరూ చూడనిదేదో ఒకరి కంటబడింది అనిపిస్తుంది. జరిగేది వేరు. పేరున్న ఈస్ట్ జాతులు 2011 నాటికే దాదాపు 1500. తర్వాత ఏటా చేరుతూనే ఉన్నాయి. చేతిలో ఉన్న స్ట్రెయిన్, అంటే ఒకే కణం నుంచి పెంచిన సంతతి, వీటిలో దేనితోనూ కలవదని, కలవకపోవడం ఏదో ఒక జన్యువులో వచ్చిన చిన్నపాటి తేడా కాదని, తనదైన వంశంగా విడిపోయిందని చూపించాలి. మొదటి సగం ఒక వారంలో తేలిపోతుంది. రెండో సగానికి ఏళ్లు పట్టొచ్చు.

ఇంకో చిక్కు మొదట్లోనే ఉంది. ఈస్ట్‌లన్నీ ఒక కుటుంబం కావు. ఏకకణంగా బతకడం నేర్చిన శిలీంధ్రాలన్నిటినీ మనం ఈస్ట్ అంటున్నాం. కల్లును పులియబెట్టే శాకరోమైసిస్ ఆస్కోమైకోటా విభాగానిది. అరటాకు మీద గులాబీ రంగు కాలనీలుగా వచ్చే రోడోటొరులా బసీడియోమైకోటాది, అంటే పుట్టగొడుగులకు దగ్గర చుట్టం. కాబట్టి దొరికింది ఈ రెండింట్లో ఏ వైపుదో ముందే తెలుసుకుంటే తర్వాతి పరీక్షలు దారి తప్పవు. దానికి చవకైన మార్గం యూరియేజ్ పరీక్ష. ఈస్ట్‌ను పెంచే యూరియా మీడియం (ఆహార మిశ్రమం) గులాబీ రంగుకు తిరిగితే బసీడియోమైకోటా వైపు అనుకోవచ్చు, స్కిజోశాకరోమైసిస్ మాత్రం ఆస్కోమైకోటాలో ఉండి కూడా రంగు మారుస్తుంది.

ఎక్కడ వెతకాలి

కొత్త జాతి కోసం కల్లు దగ్గర మొదలుపెట్టడం అంత తెలివైన పని కాదు. అదే లొట్టిని రోజూ కడతారు, నిన్నటి మడ్డి ఇవాళ్టి నీరాకు (ఇంకా పులవని తాజా రసానికి) తోడు వేసినట్టవుతుంది. గీసిన గెల నుంచి కారేటప్పుడు దాదాపు తటస్థంగా ఉండే నీరా కొన్ని గంటల్లోనే పీహెచ్ 4 దాకా పులుస్తుంది. ఆ ఆమ్లాన్నీ, పెరిగే ఆల్కహాల్‌నూ తట్టుకునేవి కొన్నే. శాకరోమైసిస్ సెరివిసియే, పిచియా కుద్రియావ్జెవీ లాంటి పాత కాపులు మిగతావాటిని తొక్కేస్తాయి. కల్లునే చూడాలనుకుంటే పులవకుండా లోపల సున్నం పూసిన లొట్టిలోని నీరా, గెల కోసిన చోట ఊరే తొలి చుక్కలు, దాని చుట్టూ ముసిరే ఈగలు మేలు.

డెల్టాలో అంతకంటే మంచి చోట్లు చాలా ఉన్నాయి. కొబ్బరి పొత్తి విచ్చుకోగానే పూలగెలలో చేరే చిన్న పెంకు పురుగులు, కాలవగట్ల మీది మొగలి పూత, అంతర్వేది ఇసుకతిన్నెల మీద పాకే ఊదాపూల తీగ, తాటిబెల్లం, అరటితోటలో కుళ్లిన గెలలు, కోరంగి మడ అడవుల ఆకులు, బెరడు, బురద. పూలకూ పురుగులకూ అంటిపెట్టుకుని బతికే మెట్ష్నికోవియా ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) చాలా జాతులు ఇలాగే బయటపడ్డాయి. పురుగు ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు ఈస్ట్‌ను మోసుకుపోతుంది, ఒక ప్రాంతపు పురుగుతో ఆ ప్రాంతపు ఈస్ట్ విడిగా ఎన్నో తరాలు గడుపుతుంది. కొత్త జాతి ఏర్పడటానికి అంతకంటే అనువైన ఏర్పాటు అరుదు.

కోరంగి 1978 నుంచి అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ ఆకు కూడా తెంపకూడదు. ఆ మడ అడవిలోని తిల్ల చెట్టు దగ్గర కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా పనిచేయొద్దు. దాని పాలు కంట్లో పడితే చూపు కొంతసేపు పోతుంది.

నమూనా తీసేటప్పుడు

స్టెరైల్ (సూక్ష్మజీవులు లేకుండా చేసిన) సంచీ, స్టెరైల్ పట్టకారు, ప్రతి నమూనాకూ కొత్త జత. పదార్థం 2 గ్రాములు, 20 మి.లీ. స్టెరైల్ నీటిలో, చాలు. సంచీ మీద తేదీ, చోటు అక్షాంశ రేఖాంశాలతో, చెట్టు పేరు, భాగం రాయాలి. రేపు జాతి వివరణ అచ్చు వేసేటప్పుడు ‘ఎక్కడ, దేని మీద’ అనే గడి ఖాళీగా ఉంటే రెండోసారి వెళ్లినా అదే దొరుకుతుందన్న హామీ లేదు.

వేసవిలో పొలాల మీంచి ల్యాబ్‌కు వచ్చేలోపే నమూనా మారిపోతుంది. గాలి చొరకుండా బిగించిన కల్లు సీసా మే నెల ఎండలో కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బి మూత ఎగరేస్తుంది. అది పైకి కనిపించే నష్టం. కనిపించనిది, వేగంగా పెరిగే రెండు మూడు ఈస్ట్‌లు దారిలోనే మిగతావాటిని మింగేయడం. మూత వదులుగా ఉంచి, ఐసు పెట్టెలో పెట్టి, 24 గంటల్లోపు మీడియం పోసిన పళ్లేల మీద వేయాలి. గడ్డకట్టనివ్వకూడదు.

వేరు చేయడానికి మామూలుగా వాడే మీడియం వైఎమ్ అగార్ (అగార్ అంటే దాన్ని గట్టిపరిచే పదార్థం). లీటరు నీటికి ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 3 గ్రా., మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 3 గ్రా., పెప్టోన్ 5 గ్రా., గ్లూకోజ్ 10 గ్రా., అగార్ 20 గ్రా. బ్యాక్టీరియా రాకుండా లీటరుకు 100 మి.గ్రా. క్లోరామ్‌ఫెనికాల్. ఆమ్లం కలపాలంటే, ఆటోక్లేవ్ (ఆవిరి పీడనంతో శుద్ధి) అయ్యాక మీడియం చల్లబడుతుండగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలుగా వేసి పీహెచ్‌ను 3.7–4 దగ్గరకు తేవాలి. ముందే ఆమ్లం వేసి ఆటోక్లేవ్ చేస్తే అగార్ విరిగిపోయి పళ్లెం గట్టిపడదు. మడ నమూనాలకు నూటికి మూడు పాళ్లు ఉప్పు కలిపిన పళ్లేలు కూడా వేయాలి, తాటిబెల్లానికి గ్లూకోజ్ 40–50 శాతం ఉన్నవి. అంత తీపిలో మాత్రమే పైకి వచ్చే జైగోశాకరోమైసిస్ లాంటివి మామూలు పళ్లెం మీద కనబడకుండా పోతాయి.

నమూనా ద్రవం ఒక మి.లీ.ను 9 మి.లీ. నీటిలో కలిపి, అందులోంచి మళ్లీ ఒకటి, ఇలా ఆరు మెట్లు పలుచన చేసి ఒక్కో మెట్టు నుంచి 0.1 మి.లీ. పరిస్తే చాలు. 25–28 డిగ్రీల సెల్సియస్‌లో మూడు నుంచి అయిదు రోజులు. ఆకులకైతే ఇంకో పద్ధతి ఉంది. ఆకు ముక్కను వాజెలిన్‌తో పళ్లెం మూత లోపలి వైపు అతికించి, కింద అగార్ ఉంచాలి. స్పోరోబోలోమైసిస్ లాంటివి తమ బీజాలను విసురుతాయి, అవి కింద పడి ఆకు ఆకారంలోనే కాలనీలు కడతాయి. ఈ పద్ధతిలో ఆకు మీది బూజు, బ్యాక్టీరియా గొడవ చాలావరకు తప్పుతుంది.

కాలనీ ఎంపికలో చాలామంది తప్పు చేస్తారు. వేర్వేరుగా కనిపించేవి ఒక్కొక్కటి తీసుకుంటారు. తెల్లగా, మెరుస్తూ, ఒకేలా ఉన్న ముప్ఫై కాలనీల్లో అయిదు జాతులు ఉండొచ్చు. ఒకేలా ఉన్నవి కూడా ఇరవై ముప్ఫై తీసి, రెండు మూడుసార్లు గీసి శుద్ధి చేసి, డీఎన్ఏ వేలిముద్రల పద్ధతితో గుంపులు చేయాలి. (జీటీజీ)5 లేదా ఎమ్13 అనే ప్రైమర్‌తో (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కతో) ఒక్క పీసీఆర్, అంటే డీఎన్ఏకు కాపీలు తీసే పని, సరిపోతుంది. ఒకే గీతల వరస ఉన్నవాటిలోంచి ఒకటి రెండు సీక్వెన్సింగ్‌కు, అంటే డీఎన్ఏ అక్షరాలను వరసగా చదివించడానికి, పంపితే ఖర్చు తగ్గుతుంది. ఇక్కడ ఇంకో మోసగాడు ఉంది: ప్రోటోథీకా. చూడటానికి అచ్చం ఈస్ట్ కాలనీయే. నిజానికి అది రంగు పోయిన శైవలం. మొగ్గలు వేయదు, కణం లోపలే పిల్ల కణాలు నిండి ఉంటాయి. ఒక్కసారి మైక్రోస్కోపులో చూడకుండా పంపితే ఈస్ట్ ప్రైమర్లతో పీసీఆర్ ఎందుకు సరిగా రావడం లేదో అర్థం కాక రోజులు పోతాయి.

సరిహద్దు ఎక్కడ

1990ల దాకా జాతిని నిర్ణయించింది ఎక్కువగా చక్కెరలు. ఏ చక్కెర తింటుంది, దేన్ని పులియబెడుతుంది, ఏ నత్రజని వనరు వాడుతుంది. పాతిక ముప్ఫై పరీక్షల పట్టిక. దీని బలహీనత ఏమిటంటే ఒకే జన్యువు చెడితే గాలాక్టోజ్ తినడం ఆగిపోతుంది. ఒకే జాతిలోని రెండు స్ట్రెయిన్లు పట్టికలో వేర్వేరుగా కనబడతాయి, వేర్వేరు జాతులు ఒకటిగా కనబడతాయి.

ఈ చిక్కు విప్పింది, కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ ఆర్ఎన్ఏ పెద్ద ముక్క జన్యువులోని డీ1/డీ2 అనే దాదాపు 600 అక్షరాల భాగం. 1998లో కర్ట్‌జ్‌మన్, రాబ్నెట్ దాదాపు 500 ఆస్కోమైకోటా ఈస్ట్‌లను ఈ భాగంతో పోల్చి ఒక అందాజు ఇచ్చారు. ఒకే జాతి స్ట్రెయిన్ల మధ్య తేడా సాధారణంగా 0 నుంచి 3 అక్షరాలు. ఆరు లేదా అంతకంటే ఎక్కువ చోట్ల మారితే, అంటే దాదాపు ఒక శాతం, వేరే జాతి అయ్యే అవకాశం ఎక్కువ. నాలుగైదు తేడాలు వస్తే ఈ కొలత ఒక్కటే చాలదు. ఎన్ఎల్1, ఎన్ఎల్4 అనే ప్రైమర్లు ఈ భాగాన్నే అందుకుంటాయి. 94 డిగ్రీల దగ్గర విడదీసి, 52–55 దగ్గర అతికించి, 72 దగ్గర పెంచే చక్రం 35 సార్లు. రెండు దిక్కుల నుంచీ చదివించాలి, ఒక్క దిక్కే చదివితే కొసల్లోని తప్పు అక్షరాలు ‘తేడాలు’గా లెక్కలోకి వస్తాయి.

తర్వాత సీక్వెన్స్‌ల (చదివిన అక్షరాల వరసల) డేటాబేస్‌లో పోలిక. ఎక్కువమంది చూసేది ఒక్క శాతం అంకె. ‘99 శాతం కలిసింది, కాబట్టి తెలిసిన జాతే’ అంటారు. 580 అక్షరాల్లో మూడు తేడాలుంటే 99.48 శాతం, ఆరుంటే 98.97 శాతం. రెండింటినీ సరిచేసి 99 అని రాసేస్తే, ఒకటి అదే జాతి, రెండోది బహుశా కొత్త జాతి అన్న సంగతి మాయమవుతుంది. శాతం పక్కన పెట్టి అక్షరాలు లెక్కపెట్టాలి. మార్పులు ఎన్ని, ఖాళీలు ఎన్ని, అవి ఒకేచోట గుమిగూడాయా, చెదిరి ఉన్నాయా. పోలిక పొడవు 300 అక్షరాలే అయితే ఆ ఫలితానికి విలువ లేదు. ఇంకా ముఖ్యం, పోల్చేది టైప్ స్ట్రెయిన్‌తోనే. ఒక జాతి పేరు ఏ స్ట్రెయిన్‌కు కట్టి ఉందో అదే టైప్. డేటాబేస్‌లో ఎవరో తప్పు పేరుతో పెట్టిన సీక్వెన్స్‌లు చాలా ఉన్నాయి. టైప్ పదార్థానికే వెతుకులాటను పరిమితం చేసే వీలుంది, దాన్ని వాడాలి.

డీ1/డీ2తో పాటు రైబోజోమ్ జన్యువుల మధ్య ఉండే ఐటీఎస్ భాగం కూడా చదివించడం ఇప్పుడు మామూలే. బసీడియోమైకోటాలో కొన్ని దగ్గరి జాతులను డీ1/డీ2 విడదీయలేదు, ఐటీఎస్ విడదీస్తుంది.

అయితే ఈ ఆరక్షరాల గీత చట్టం కాదు. రైబోజోమ్ జన్యువు కణంలో ఒక్క ప్రతి కాదు. శాకరోమైసిస్ సెరివిసియేలో వంద నుంచి రెండొందల ప్రతులు వరసగా ఉంటాయి. మామూలుగా అవన్నీ ఒకే పాఠంగా సర్దుకుంటాయి, అందుకే ఈ పద్ధతి పనిచేస్తుంది. మెట్ష్నికోవియా పుల్చెరిమా చుట్టూ ఉన్న గుంపులో ఆ సర్దుబాటు జరగదు. ఒకే కణంలో వేర్వేరు పాఠాలుంటాయి. సీక్వెన్స్ చిత్రంలో ఒకే చోట రెండు శిఖరాలు వస్తాయి. యంత్రం ఏదో ఒక అక్షరం రాసేస్తుంది, దాంతో ఒకే స్ట్రెయిన్ కొత్త జాతిలా కనబడుతుంది. క్లావిస్పోరా లూసిటానియేలో ఒకదానితో ఒకటి జతకట్టే స్ట్రెయిన్ల మధ్యే ఈ భాగం బాగా మారుతుంది. ఇంకో వైపు సంకరాలు ఉన్నాయి. లాగర్ బీరు చేసే శాకరోమైసిస్ పాస్టోరియానస్ రెండు జాతుల కలయిక. వాటిలో రెండోది, శాకరోమైసిస్ యూబయానస్, 2011లో పటగోనియా అడవుల్లో దొరికేదాకా అది ఏమిటో ఎవరికీ తెలియదు. ఇలాంటిదాన్ని ఒక్క జన్యువుతో చూస్తే ఆ రెండింట్లో ఒకటే కనబడుతుంది.

అందుకే ఆరో, అంతకు మించో తేడాలు వస్తే పండగ చేసుకోకుండా, ప్రోటీన్ జన్యువులు కూడా చదివించాలి. సాధారణంగా టీఈఎఫ్1, ఆర్‌పీబీ1, ఆర్‌పీబీ2. అన్నీ కలిపి వంశవృక్షం గీస్తే మన స్ట్రెయిన్లు అన్ని వృక్షాల్లోనూ ఒకే కొమ్మగా విడిపోవాలి. ఒక జన్యువు ఒక చోట, మరో జన్యువు మరో చోట పెడుతుంటే సంకరమో, కల్తీ నమూనానో అనుకుని వెనక్కి వెళ్లాలి. ఇప్పుడు మొత్తం జీనోమ్ (కణంలోని డీఎన్ఏ అంతా) చదివించడం అంత ఖరీదేమీ కాదు. ఈస్ట్ జీనోమ్ చిన్నది, సెరివిసియేది దాదాపు 1.2 కోట్ల అక్షరాలు. రెండు జీనోమ్‌ల మధ్య సగటు సామ్యం 95 శాతానికి బాగా కిందికి ఉంటే వేరే జాతి అన్న వాదన నిలబడుతుంది. మా లెక్కలో జీనోమ్ లేకుండా ఒకే ఒక్క స్ట్రెయిన్ మీద కొత్త జాతి ప్రకటించడం తొందరపాటు. రెండు మూడు వేర్వేరు చోట్ల నుంచి, అంటే యానాం వైపు ఒకటి, నరసాపురం వైపు ఒకటి దొరికితేనే జాతిలోపలి తేడా ఎంతో తెలుస్తుంది. అది తెలియకుండా పక్క జాతితో తేడా ఎంత పెద్దదో చెప్పలేం.

చక్కెరల పట్టిక ఎందుకు పనికొస్తుంది

గుర్తింపుకు కాకపోయినా వివరణకు కావాలి. నత్రజని ఉన్న మూల మీడియంలో ఒక్కో కార్బన్ వనరు 0.5 శాతం కలిపి, 25 డిగ్రీల దగ్గర మూడు వారాలు చూస్తారు. కణాలను ముందు ఆకలితో ఉంచాలి, లేకపోతే లోపల దాచుకున్న ఆహారంతో కాస్త పెరిగి తప్పుడు ‘అవును’ వస్తుంది. కార్బన్ ఏదీ లేని గొట్టం ఒకటి, గ్లూకోజ్‌ది ఒకటి పక్కన తప్పనిసరి. మూడో వారంలో మొదలయ్యే పెరుగుదలను ‘ఆలస్యం’ అని విడిగా రాయాలి, అది నిజమైన అలవాటో, ఒక్క కణంలో వచ్చిన మార్పో మళ్లీ పరీక్షిస్తే గాని తెలియదు.

37 డిగ్రీల పరీక్షను మాత్రం నిర్లక్ష్యం చేయొద్దు. డెల్టా ఎండకు అలవాటుపడిన కొన్ని అడవి ఈస్ట్‌లు మనిషి ఒంటి వేడిలోనూ పెరగగలవు. పిచియా కుద్రియావ్జెవీ మరో పేరుతో, కాండిడా క్రూసైగా, రోగకారకమని ఆసుపత్రులకు తెలుసు. ఫ్లూకొనజోల్ అనే శిలీంధ్రాల మందుకు అది పుట్టుకతోనే లొంగదు. ఈ రెండు పేర్లూ ఒకే జాతివని 2018లో జీనోమ్‌లు గట్టిగా తేల్చాయి.

బీజాలు చూడటం ఓపిక పని. అసిటేట్ అగార్, పలుచటి వి8 (కూరగాయల రసం) అగార్, మొక్కజొన్న పిండి అగార్ మీద పెట్టి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మెట్ష్నికోవియాలో సూదుల్లాంటి బీజాలు, హన్సేనియాస్పోరాలో టోపీ ఆకారపువి. ఏమీ రాలేదంటే లైంగిక దశ లేదని కాదు. రెండు వేర్వేరు లింగ రకాల స్ట్రెయిన్లు కలిస్తేనే బీజాలు కట్టేవి చాలా ఉన్నాయి. ఉన్న స్ట్రెయిన్లన్నీ జతలుగా కలిపి చూడాలి. స్ట్రెయిన్లు ఎక్కువ కావాలనడానికి ఇదొక కారణం.

ఏ ప్రజాతిలో పెట్టాలి, ఏ పేరు పెట్టాలి

లైంగిక దశ కనబడని ఈస్ట్‌లన్నిటినీ చాలాకాలం కాండిడా అనే గోదాంలో పడేశారు. ఒకదానికొకటి సంబంధం లేనివి వందలు అక్కడ చేరాయి. 2013 జనవరి 1 నుంచి లైంగిక దశకు ఒక పేరు, అలైంగిక దశకు ఒక పేరు అనే పద్ధతి పోయింది. ఇప్పుడు వంశవృక్షంలో ఎక్కడ కూర్చుంటే ఆ ప్రజాతి పేరే. బీజాలు కనబడకపోతే చివర ‘అలైంగిక రూపం’ అని సూచించడం ఆనవాయితీ. ప్రజాతులు సర్దుకుంటున్న కొద్దీ పాత కాండిడాలు బయటికి పోతున్నాయి. 2024లో కాండిడా ఆరిస్‌ను కాండిడోజైమాకు మార్చమని ప్రతిపాదించారు. అందుకే కొత్త జాతిని కాండిడాలో పెట్టేముందు రెండుసార్లు ఆలోచించాలి. కొత్త ప్రజాతి అంటే మరీ ఆచితూచి, దగ్గరి ప్రజాతులన్నిటి టైప్ జాతులతో వృక్షం గీసి చూపించాక.

జాతి పేరు లాటిన్ వ్యాకరణం ప్రకారం ప్రజాతి పేరు లింగంతో కుదరాలి. చోటును బట్టి పెట్టేవాటికి చివర ఎన్సిస్ వస్తుంది. అస్సాంలో డిగ్‌బోయ్ దగ్గర ఆమ్లపు తారు మడ్డిలో దొరికినదానికి 2005లో కాండిడా డిగ్‌బోయెన్సిస్ అని పెట్టినట్టు.

పేరు చెల్లాలంటే నామకరణ నియమావళి పెట్టిన షరతులన్నీ తీరాలి. 2012 నుంచి వివరణ లాటిన్‌లో గాని ఇంగ్లిష్‌లో గాని ఉండొచ్చు. 2013 నుంచి మైకోబ్యాంక్ లాంటి శిలీంధ్రాల పేర్ల రిజిస్ట్రీ ఇచ్చిన సంఖ్య ఉండాలి. హోలోటైప్ (పేరు కట్టి ఉండే అసలు నమూనా) ఒక్క సంస్థలోనే ఉందని రాయాలి; రెండు సంస్థల సంఖ్యలను ‘=’ గుర్తుతో కలిపి హోలోటైప్ అని రాసినందుకు చాలా ఈస్ట్ పేర్లు చెల్లకుండా పోయి, తర్వాత మళ్లీ ప్రకటించాల్సి వచ్చింది. టైప్ కల్చర్ జీవక్రియ ఆగిన స్థితిలో, అంటే ఫ్రీజ్‌డ్రై చేసో, బాగా గడ్డకట్టించో భద్రపరచామన్న వాక్యం 2019 జనవరి 1 నుంచి తప్పనిసరి. ఒక్క వాక్యమే, కాని మరిచిపోతే పేరు పుట్టనట్టే.

మన దేశపు చట్టం వేరే ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతి దొరికితే గుర్తింపు పొందిన నిధికి తెలియజేసి నమూనా అప్పగించాలి. చండీగఢ్‌లోని ఎమ్‌టీసీసీ సూక్ష్మజీవుల కల్చర్లు భద్రపరిచే పెద్ద సంస్థ. నెదర్లాండ్స్‌లోనో, జపాన్‌లోనో ఉన్న కల్చర్ సేకరణలోనూ ఒక ప్రతి పెట్టడం మంచి అలవాటే, కాని విదేశానికి పంపేముందు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సాధికార సంస్థ దగ్గర ఏ అనుమతి కావాలో చూసుకోవాలి. ఇది వ్యాసం అచ్చుకు సిద్ధమయ్యాక గుర్తొచ్చే పని కాకూడదు. నమూనా తీసిన నెలలోనే దరఖాస్తు మొదలుపెట్టాలి.

ఈలోగా స్ట్రెయిన్ చావకుండా చూసుకోవాలి. 15–20 శాతం గ్లిజరాల్‌లో, మైనస్ 80 డిగ్రీల దగ్గర, వేర్వేరు ఫ్రీజర్లలో కనీసం రెండు చోట్ల. తుపాను రోజుల్లో డెల్టాలో కరెంటు రెండు మూడు రోజులు రాకపోవడం కొత్తేమీ కాదు. అందుకే ఒక సెట్టు ఫ్రీజ్‌డ్రై చేసి గాజు గొట్టాల్లో సీలు వేయించి, కరెంటుతో పనిలేని చల్లటి చీకటి చోట పెడతారు. ఏడాదికోసారి ఒక గొట్టం తెరిచి, పెంచి, డీ1/డీ2 మళ్లీ చదివించి, మొదటి సీక్వెన్స్‌తో అక్షరం అక్షరం సరిపోతుందో లేదో చూస్తారు.